పైకి మూడు ఇరుసులు, కిందికి అయిదు

ఆ రాష్ట్రంలో రోడ్ల మీద కార్లలో తిరిగినవాళ్ళు లక్షల మంది ఉంటారు. మోకాళ్ళ మీద తిరిగినవాళ్ళు మాత్రం ఏ ఇరవై మందో. వాళ్ళలో ఆడవాళ్ళు ఇద్దరే. ఒకామె అర్డిత్ ఓక్సానెన్, ఇంకొకామె లినెట్ హోబార్ట్. కొన్నేళ్ళకి లినెట్ లేచి నిలబడింది, రాజధానికి వెళ్ళింది, పేపర్లో పడింది. అర్డిత్ మాత్రం రిటైరయ్యేదాకా మోకాళ్ళ మీదే ఉండిపోయింది.

ఆమె పని బండ్లు లెక్కపెట్టడం. తెల్లవారగానే నారింజ రంగు కోటు తొడుక్కుని, షెడ్డులోంచి ట్రక్కు తీసి, కాగితంలో రాసిన చోటికి వెళ్ళేది. బండ్ల మధ్య కాస్త సందు దొరికే దాకా రోడ్డు పక్కన నిలబడేది. దొరకగానే నల్లటి రబ్బరు గొట్టం భుజానేసుకుని అటు నుంచి ఇటు పరిగెత్తేది. మోకాళ్ళ మీద కూలబడి, గొట్టం కొస మీద ఇనప పట్టీ పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు. మళ్ళీ పరుగు. పక్కన రెండో గొట్టం. రెండు గొట్టాల కొసలూ ఒక చిన్న పెట్టెకి తగిలించి, ఆ పెట్టెని స్తంభానికి గొలుసుతో కట్టేసేది. చక్రం గొట్టాన్ని తొక్కినప్పుడల్లా లోపలి గాలి వెళ్ళి పెట్టెని తడుతుంది. ఎన్ని ఇరుసులు, వాటి మధ్య ఎంత దూరం, ఎటు నుంచి ఎటు అన్నది పెట్టె రాసుకుంటుంది. ఇరుసుల లెక్కని బట్టి అది కారా, వ్యానా, పెద్ద లారీనా అని తేలుతుంది.

పెట్టెకి తెలియనివి చాలా ఉంటాయి. అందుకే లెక్కలవాళ్ళకి ఒక పద్ధతుంది. పెట్టె బిగించాక అరగంట సేపు ట్రక్కులోనే కూర్చుని, ఏం పోతున్నాయో కళ్ళతో చూడాలి. షెడ్డుకి తిరిగొచ్చాక షీటులో ఊరు, తేదీ, వాన, ఎండ అన్నీ నింపి, చివరన ఉన్న రిమార్కుల గడిలో ఆ చూసింది రాయాలి. మగవాళ్ళు ఆ గడిలో ఒక గీత గీసి ఊరుకునేవాళ్ళు. అర్డిత్ అలా కాదు. "ఈ వారం బడికి సెలవు, బస్సులు లేవు." "చర్చి పక్కన చావు, కార్లు ఎక్కువ." "పాల వ్యాను ఆవిడ మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు వచ్చింది. రెండోసారి టోపీ కోసం, మూడోసారి ఎందుకో ఆవిడకే తెలియాలి." రాజధానిలో గుమాస్తాలు ఆ షీట్లని ఒకళ్ళకొకళ్ళు చదివి వినిపించుకునేవాళ్ళట.

లినెట్‌తో ఒకే ట్రక్కులో పదకొండేళ్ళు తిరిగింది. అర్డిత్ వాళ్ళమ్మ ఫిన్లాండు మనిషి కాబట్టి ఏలకులు వేసిన తీపి రొట్టె ఆమె డబ్బాలో ఎప్పుడూ ఉండేది. లినెట్ డబ్బాలో గుడ్డు సాండ్విచ్. సగం సగం మార్చుకునేవాళ్ళు. రోడ్డు మీదకి ఒకతె పరిగెడితే రెండోది ఒడ్డున నిలబడి కేకేసేది, "రావే, లారీ వస్తోంది, చస్తావు!" అని. ఒకరి ప్రాణం ఒకరి గొంతులో ఉండే పని అది.

ఆ సమయంలోనే రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. ఇరవై ఏళ్ళలో బండ్ల పొగ సగానికి తగ్గాలి. ఏ లోయలో ఎవరు ఎంత దూరం తిరుగుతున్నారు, ఏ తిరుగుడు మాన్పించవచ్చు, ఎక్కడ బస్సు వేయాలి, ఏ సరుకుని రైలెక్కించాలి అన్నీ తేల్చి ఒక ప్రణాళిక రాయాలి. దానికి రాజధానిలో కొత్త జట్టు కట్టారు. రోడ్డు తెలిసినవాళ్ళు కావాలని షెడ్డు గోడకి నోటీసు అంటించారు.

"ఇద్దరం పెడదామే," అంది లినెట్. ఆమె అప్పటికే మూడేళ్ళుగా సాయంత్రం కాలేజీకి వెళ్ళి గణాంకాలు చదువుతోంది. అర్డిత్ దరఖాస్తు కూడా తనే నింపింది. ఇద్దరినీ పిలిచారు. "ట్రాఫిక్ లెక్కల మోడలింగ్‌లో మీకున్న అనుభవం చెప్పండి," అన్నారు అర్డిత్‌ని. "నాకు రోడ్లు తెలుసు," అంది అర్డిత్. లినెట్‌కి ఫోనొచ్చింది. అర్డిత్‌కి ఉత్తరమొచ్చింది.

లినెట్ వెళ్ళేరోజు షెడ్డులో కేకు కోశారు. అర్డిత్ ఒక ముక్క తిని, ప్లేటు కడిగి, లినెట్‌ని కౌగిలించుకుని, ట్రక్కెక్కి ఒంటరిగా వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి మొదలైంది ఆమె కడుపులో మంట. లినెట్ ఫోటో పేపర్లో పడింది. "రేపటి రోడ్లకి రూపం ఇస్తున్న మహిళ" అని కింద రాశారు. అర్డిత్ ఆ కాగితాన్ని కత్తిరించి కుక్క నీళ్ళ గిన్నె కింద పరిచింది. రెండు రోజుల తర్వాత తీసి, ఆరబెట్టి, సొరుగులో దాచింది. ఆ కాగితం మళ్ళీ కంటపడ్డప్పుడల్లా ముందు లినెట్ మోకాళ్ళు చూసేది. ఫోటోలో స్కర్టు వేసుకుంది మహాతల్లి. మోకాళ్ళు నున్నగా ఉన్నాయి. తన మోకాళ్ళు ఏనుగు చర్మంలా ఉన్నాయి. ఇద్దరూ ఒకే తారు మీద కూలబడ్డవాళ్ళే కదా, దానికి మచ్చలెలా పోయాయి?

లినెట్ చప్పుడు చేయని కరెంటు కారు కొందని తెలిసినప్పుడు "పిల్లిలా వచ్చి మీద పడుతుంది, దానికి తగ్గ కారే," అంది షెడ్డు పెద్ద గోర్డీతో.

"నీ ఏడుపు దాని కారు మీదా, దాని ఉద్యోగం మీదా?" అన్నాడు గోర్డీ.

"నాకేం ఏడుపు? నా ట్రక్కుకి హీటరు పనిచేయట్లేదు, దానిమీద ఏడు నువ్వు."

ఆమె కుళ్ళు గోర్డీకి తప్ప బయటికి కనపడేది కాదు. ఒక్క చోట మాత్రం పని చేసింది. రిమార్కుల గడి ఖాళీగా వదిలేయడం మొదలుపెట్టింది. రాజధానిలో పెద్ద పెద్ద కంప్యూటర్లున్నాయి, చదువుకున్నవాళ్ళున్నారు, నా పాల వ్యాను ఆవిడ గోల వాళ్ళకెందుకు? అరగంట కూర్చోవడం మానలేదు. అలవాటు పోలేదు. చూసేది, నవ్వుకునేది, రాసేది కాదు. మూడేళ్ళ షీట్లు, చివరి గడి తెల్లగా.

ప్రణాళిక ముసాయిదా ఒక ఏప్రిల్ నెలలో వచ్చింది. దిండంత పుస్తకం. గోర్డీ దాన్ని ఆమె ముందు బల్ల మీద పడేశాడు.

"నీ పాత జోడీ రాసింది. తప్పులుంటే నెలలోగా చెప్పమన్నారు. నువ్వు చదువు, నాకు ఓపిక లేదు."

అన్నం డబ్బా విప్పుకుని అర్డిత్ తనకి తెలిసిన లోయ దగ్గర తెరిచింది. హార్లో ఊరు, ఆల్డర్ లోయ రోడ్డు. ఆ రోడ్డు ఊరి చివర కలప మిల్లు దగ్గర మొదలై, నది పక్కన పైకెక్కి, కనుమ దాటి తూర్పుకి పోతుంది. ముసాయిదా ఏమంటోందంటే, ఈ రోడ్డు మీద మూడు ఇరుసుల చిన్న లారీలు రోజుకి అరవై పైకి వెళ్తున్నాయి, ఒక్కటీ కిందికి రావట్లేదు. అయిదు ఇరుసుల పెద్ద లారీలు రోజుకి అరవై కిందికి వస్తున్నాయి, ఒక్కటీ పైకి వెళ్ళట్లేదు. కాబట్టి చిన్నవి కనుమ దాటి తూర్పుకి పోతున్నాయి, పెద్దవి తూర్పు నుంచి సరుకుతో వస్తున్నాయి. ఈ సరుకంతా రైలెక్కిస్తే హార్లో ప్రాంతానికి కేటాయించిన పొగ కోత దాదాపు మొత్తం తీరిపోతుంది. అందువల్ల ఈ దఫా ఇక్కడ వేరే పథకాలు అక్కర్లేదు.

అర్డిత్ నమలడం ఆపింది.

అవి అరవై, ఇవి ఇంకో అరవై కావు. అవే అరవై. కలప లారీలు. ఖాళీగా కొండెక్కేటప్పుడు ప్రతి డ్రైవరూ తన వెనక తగిలించుకునే రెండిరుసుల ట్రైలర్ని మిల్లు క్రేనుతో ఎత్తించి లారీ వీపు మీద పెట్టుకుని వెళ్తాడు. ఆ రెండు ఇరుసులు గాలిలో ఉంటాయి. మూడే నేలని తాకుతాయి. పైన దుంగలు ఎక్కించుకున్నాక ట్రైలర్ దింపి అయిదిరుసులతో వస్తాడు. ఆ లోయలో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. పెట్టెకి తెలియదు. రాజధానిలో వాళ్ళకి తెలియదు. లినెట్ అడవి దేశం మనిషి కాదు, మైదానంలో గోధుమ పండే చోట పుట్టింది. వాళ్ళిద్దరూ తిరిగిన రోజుల్లో హార్లో మిల్లు మూతపడి ఉంది, ఆ రోడ్డు మీద లినెట్ ఎప్పుడూ కూర్చోలేదు.

లోపల ఎక్కడో దీపావళి మతాబు వెలిగినట్టయింది అర్డిత్‌కి. ఆ మధ్యాహ్నం ఏలకుల రొట్టె రెండు ముక్కలు ఎక్కువ తింది.

"ఏమన్నా తప్పులున్నాయా?" అని నెలాఖరుకి అడిగాడు గోర్డీ.

"బొమ్మలు బాగున్నాయి," అంది.

జూన్‌లో హార్లోలో ప్రజల ముందు విచారణ పెట్టారు. రైతుల సంఘం హాల్లో, మధ్యాహ్నం మూడింటికి. అర్డిత్ సెలవు పెట్టింది. పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి, లినెట్ మొహం ఎలా పాలిపోతుందో తన మొహం మీద చేసి చూసుకుంది కూడా. తను నోరెత్తక్కర్లేదు. హాలు నిండా కలపవాళ్ళే ఉంటారు. రెండో వరసలో కూర్చుంటే చాలు.

లినెట్ తలుపులోంచి వస్తూనే చూసింది. చేతిలో కాగితాలు కుర్చీ మీద పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఆర్డీ! ఒసేయ్, చిక్కిపోయావే! మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్న చోటే ఉన్నాయి. నీవి?"

"మెట్లెక్కితే ఏడుస్తున్నాయి. మేజోళ్ళతో కప్పి ఊళ్ళు తిరుగుతున్నా." నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి దగ్గరికి జరిగింది. "భయంగా ఉందే. సభాసంఘం వాళ్ళు ముగ్గురొచ్చారు. ఈ లోయ లెక్క మీదే మొత్తం అధ్యాయం నిలబడింది. మా కుర్రాళ్ళు గొడవ చేశారు తెలుసా? అంకెలు విచిత్రంగా ఉన్నాయి, వెళ్ళి చూసొద్దాం అని. నేనొద్దన్నాను."

"ఎందుకు?"

"షీటు నీదిగా! అర్డిత్ ఓక్సానెన్ రిమార్కు రాయలేదంటే అక్కడ రాయాల్సింది లేనట్టే అన్నాను. నీ కళ్ళ కన్నా వాళ్ళ కళ్ళు ఎక్కువా?"

అర్డిత్ నోరు తెరిచింది. సభాసంఘం అధ్యక్షుడు బల్ల మీద చేత్తో కొట్టాడు. లినెట్ ఆమె భుజం నొక్కి వేదిక మీదకి వెళ్ళిపోయింది. ఇంకో నిమిషం ఉండి ఉంటే చెప్పేదాన్నని అర్డిత్ చాలా ఏళ్ళు తనకి తాను చెప్పుకుంది. చెప్పేది కాదేమో. ఆ క్షణంలో ఆమె చూస్తున్నది లినెట్ మెడలోని సన్నటి ముత్యాల గొలుసుని. అది బాగుంది.

లినెట్ చక్కగా మాట్లాడింది. గోడ మీద బొమ్మలు పడుతుంటే ఒక్కో గీతనీ పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. అది కూడా కడుపు మండించింది. తనయితే మూడు మాటలకే తడబడేది.

వృద్ధుల ఆశ్రమంలో పనిచేసే ఇనెజ్ బారో అనే ఆవిడ మొదట లేచింది. పని బట్టల్లోనే వచ్చింది.

"అమ్మా, మేం పద్నాలుగు మందిమి పై ఊళ్ళ నుంచి దిగి వస్తాం. ఒక్కొక్కరం ఒక్కో కారు. పోయినేడు అడిగితే బస్సు ప్రణాళికలో పెడతామన్నారు. పుస్తకమంతా వెతికాను, బస్సు లేదు."

"సరుకు రైలెక్కడంతోనే ఈ ప్రాంతం వాటా తీరుతోందండీ," అంది లినెట్ మెత్తగా. "అందుకని బస్సు ఈ దఫా లేదు. తర్వాతి దఫాలో తప్పకుండా చూస్తాం."

"తర్వాతి దఫా అంటే ఎప్పుడు?"

"అయిదేళ్ళకి."

"అప్పటికి నేను ఆ ఆశ్రమంలో మంచం మీద ఉంటాను," అంది ఇనెజ్. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు, కూర్చుంది.

అప్పుడు వెనక వరసలోంచి వెండెల్ ప్రూయిట్ లేచాడు. ముప్పై ఏళ్ళుగా కలప లారీ తోలుతున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మేడమ్, చిన్న సందేహం. రోజూ అరవై లారీలు పైకెళ్ళి తిరిగి రావట్లేదన్నారు కదా. అందులో ఒకటి నాది. నేను రోజూ సాయంత్రం ఇంటికి రావట్లేదంటే మా ఆవిడకి ఈ సంగతి మీరే చెప్పాలి. నామాట నమ్మదు."

హాలు గొల్లుమంది.

"తూర్పున ఎవరినో పెట్టుకున్నావురా వెండెల్!" అని ఎవరో అరిచారు.

"ట్రైలర్ వీపున పెట్టుకుంటే దాన్ని చిన్న లారీ అనుకున్నార్రా వీళ్ళు!" అన్నాడు ఇంకొకడు. "వీపున పాపనెత్తుకున్న తల్లిని చూసి రెండు తలల మనిషి అన్నట్టు!"

కుర్చీలు ఊగిపోయేలా నవ్వారు. లినెట్ వాళ్ళనీ గోడ మీది బొమ్మనీ మార్చి మార్చి చూసింది. ఆమె మొహం, అద్దం ముందు అర్డిత్ చేసి చూసుకున్నట్టు పాలిపోలేదు. మెడ నుంచి పైకి ఎర్రబడింది. ముత్యాల కింద చర్మం ఎండకి కమిలినట్టయింది. సభాసంఘం అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి అడిగాడు, "మిస్ హోబార్ట్, ఇది నిజమేనా?"

"నాకు... ఒక్క నిమిషమండీ." లినెట్ జనంలో వెతికింది. దొరికింది. "ఆ లెక్క తీసినావిడ ఇక్కడే ఉంది. అర్డిత్ ఓక్సానెన్. ఈ రాష్ట్రంలో ఆమెని మించి రోడ్డు తెలిసినవాళ్ళు లేరు. ఆమెనడగండి."

అర్డిత్ లేచింది. మోకాళ్ళు టకటకమన్నాయి. అందరూ చూస్తున్నారు. మూడేళ్ళుగా ఎవరూ ఆమెని ఇలా చూడలేదు. ఏం చెప్పాలో ముందే తెలుసు, ఏప్రిల్ నుంచీ తెలుసు. అందులో అబద్ధం కూడా లేదు.

"పెట్టె సరిగ్గానే లెక్కపెట్టింది," అంది. "పైకి మూడు ఇరుసులు, కిందికి అయిదు. వెండెల్ చెప్పింది నిజం. అవి కలప లారీలే."

"అంటే మీ లెక్కలో తప్పు లేదు, దాన్ని అర్థం చేసుకోవడంలో తప్పుందన్నమాట," అన్నాడు అధ్యక్షుడు.

లినెట్ తల ఊపింది. ఒప్పుకుంటున్నట్టు, తన తప్పే అన్నట్టు, కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దడం మొదలుపెట్టింది. ఆమె సర్దే తీరు అర్డిత్‌కి తెలుసు. వాన పడుతుంటే రోడ్డు మీంచి గొట్టాలు చుట్టుకుని వచ్చే తీరు అది. ఆ పదకొండేళ్ళలో లారీ వస్తున్నప్పుడు ఒక్కసారైనా లినెట్ కేక ఆలస్యం కాలేదు.

కూర్చోబోయిన అర్డిత్ కూర్చోలేదు.

"కాదండీ," అంది. గొంతు పెద్దగా వచ్చింది. "అది రాయాల్సింది నేను. షీటులో గడి ఉంటుంది, పెట్టెకి తెలియనిది రాయడానికి. ఆ ట్రైలర్లని నేను చూశాను. అరగంట కూర్చుని చూశాను. రాయలేదు. ఆమె నా షీటుని నమ్మింది. అంతే ఆమె చేసిన తప్పు."

"ఎందుకు రాయలేదు?"

"ఒళ్ళు బలిసి," అంది అర్డిత్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

హార్లో అధ్యాయాన్ని సభాసంఘం వెనక్కి పంపింది. బస్సు మళ్ళీ లెక్కలోకి వచ్చింది. అది నిజంగా లోయలో తిరగడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, అప్పటికి ఇనెజ్ రిటైరయింది. కానీ ఆ రోజు అవేమీ ఎవరికీ తెలియవు. జనం కాఫీ బల్ల దగ్గర మూగారు. లినెట్ హాలు వెనక, కంకర పరిచిన చోట, తన తెల్ల కారుకి ఆనుకుని నిలబడింది. అర్డిత్ వెళ్ళి కాస్త దూరంలో ఆగింది.

"ముసాయిదా మీ షెడ్డుకి వచ్చింది కదా," అంది లినెట్. "ఎప్పుడు చూశావు?"

"ఏప్రిల్లో."

"ఇప్పుడు జూను."

"అవును."

"ఇందాక నేను నీ భుజం మీద చెయ్యేసి భయంగా ఉందని చెప్పినప్పుడు కూడా నీకు తెలుసు."

"తెలుసు."

"ఏం చేశానే నీకు?"

అర్డిత్ చాలా సమాధానాలు వెతికింది. హీటరు, కేకు, ఉత్తరం.

"ఏం చేయలేదు. కుళ్ళు. నువ్వు వెళ్ళావు, నేను వెళ్ళలేదు. అంతకన్నా ఏం లేదు."

లినెట్ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. కొడుతుందేమో అనిపించింది అర్డిత్‌కి. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఎన్ని షీట్లు?" అంది చివరికి.

"ఏం ఎన్ని?"

"రాయకుండా వదిలేసినవి, అర్డిత్. హార్లో ఒక్కటేనా?"

ఆమె తనని మొహం మీద పూర్తి పేరుతో పిలవడం అదే మొదటిసారి. అక్కణ్ణుంచి లినెట్ ఆమెని ఆర్డీ అని మళ్ళీ పిలవలేదు.

"నువ్వెళ్ళినప్పట్నుంచి అన్నీ."

"నూట నలభై చోట్లు." లినెట్ కళ్ళు మూసుకుంది. "నూట నలభై చోట్ల లెక్క మీద రాష్ట్రమంతటికీ ప్రణాళిక రాశాను నేను." కళ్ళు తెరిచి కారు తలుపు తీసింది. "గుర్తున్నాయా?"

"అన్నీ."

"ఎక్కు."

కారు లోపల కొత్త తోలు వాసన. సీటు మెత్తగా వెనక్కి వాలింది, దానికదే వెచ్చబడింది. ఇరవై ఏళ్ళు చలిలో కూర్చున్న నడుముకి ఆ వెచ్చదనం తగలగానే అర్డిత్‌కి మంటెత్తింది. ఇలాంటి దాంట్లో తిరుగుతోందా ఇన్నాళ్ళూ! లినెట్ ఒళ్ళో కంప్యూటర్ తెరిచి, లెక్కపెట్టిన చోట్ల జాబితా పైకి తెచ్చింది.

"ఒకటో నంబరు. పైన్ స్ట్రీట్ వంతెన."

"ఆ వారం వంతెన అవతల పాత కార్ల సంత పెట్టారు. అసలు జనంలో సగం కూడా ఆ ఊరివాళ్ళు కాదు."

లినెట్ వేళ్ళు పరిగెత్తాయి. తెర మీద చూస్తోందే తప్ప మీటల వైపు చూడట్లేదు. ఎంత వేగం! అర్డిత్ చెప్పడం పూర్తయ్యేలోపే మాటలు అక్కడ పడిపోతున్నాయి. తను రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం పొడుచుకునే మనిషి. చూడకూడదనుకుంటూనే ఆ వేళ్ళనే చూసింది, పాత కుళ్ళు మళ్ళీ కదిలింది.

"తర్వాతది," అంది లినెట్, తల తిప్పకుండా.